నడిగడ్డ నుంచి నల్లమల దాకా: బడి ఇవ్వాల్సిన సామర్థ్యాలేమిటి?

2022 మార్చి 8న వనపర్తి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ‘మన ఊరు – మన బడి’ కార్యక్రమం మొదలైంది. 26,065 సర్కారు బడులు, మూడు విడతలు, రూ.7,289 కోట్లు. తాగునీరు, మరుగుదొడ్లు, కరెంటు, బెంచీలు, ప్రహరీ గోడ, వంటగది ఇలా 12 పనుల పట్టిక తయారైంది. అదే ఏడాది ఆగస్టు 15న ‘తొలిమెట్టు’ వచ్చింది. అందులో సిమెంటు పని లేదు. 1 నుంచి 5వ తరగతి దాకా పిల్లలందరికీ ధారాళంగా చదవడం, సొంతంగా రాయడం, కూడికలు తీసివేతలు గుణకారాలు భాగహారాలు చేయడం రావాలన్నదే దాని లక్ష్యం. మొదటి పట్టిక అమలైందో లేదో బడి ముందు నిలబడితే తెలిసిపోతుంది. రెండోది తెలియాలంటే పిల్లల పక్కన కూర్చుని చదివించి చూడాలి.

నడిగడ్డగా పిలిచే జోగులాంబ గద్వాల, వనపర్తి, నల్లమల అడవులున్న నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ నుంచి విడివడ్డాయి. 2011 జనాభా లెక్కల్లో పాత జిల్లా అక్షరాస్యత 55 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాల్లో అదే అట్టడుగు. ఇప్పటి గద్వాల జిల్లా హద్దుల్లో లెక్క కడితే అది 50 శాతానికి కాస్త తక్కువే. అంటే ఇక్కడి బడిపిల్లల్లో చాలామంది ఇంట్లో పలక పట్టిన మొదటి తరం. ‘ఇంట్లో చదివించండి’ అని పంతులు పంపే కబురు ఆ ఇంటి గడప దాటదు. జాతీయ పాఠ్యచర్య ‘పిల్లలకు ఈ సామర్థ్యాలు రావాలి’ అని చెప్పినప్పుడు, ఆ మాటను పరీక్షించడానికి ఇంతకన్నా గట్టి నేల దొరకదు.

సామర్థ్యమంటే పాఠం అప్పజెప్పడం కాదు, నేర్చుకున్నదాన్ని కొత్త సందర్భంలో వాడగలగడం. దీన్ని దేశం ఇవాళ కొత్తగా కనుక్కోలేదు. ఆర్.హెచ్. దవే కమిటీ 1991లోనే ప్రాథమిక తరగతులకు ‘కనీస అభ్యసన స్థాయిలు’ నిర్ణయించింది. యశ్‌పాల్ నేతృత్వంలో వచ్చిన 2005 జాతీయ పాఠ్యచర్య చట్రం బట్టీని వదిలించి, బడి చదువును బయటి జీవితంతో ముడిపెట్టమంది. దాని వెలుగులో ఉమ్మడి రాష్ట్రం 2011లో తన సొంత చట్రం రాసుకుని, 2012 నుంచి కొత్త పాఠ్యపుస్తకాలు తెచ్చింది. ఆ పుస్తకాల్లో ‘విద్యా ప్రమాణాలు’ అన్న మాట ఇక్కడి ప్రతి టీచరుకూ కంఠతా వచ్చు. గణితంలో సమస్యా సాధన, కారణాలు చెప్పడం, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం. సైన్సులో విషయావగాహన, ప్రశ్నించడం, ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు, ప్రాజెక్టులు, బొమ్మలు గీయడం, నిజజీవిత వినియోగం. తెలుగులో అవగాహన–ప్రతిస్పందన, వ్యక్తీకరణ–సృజనాత్మకత, భాషాంశాలు.

ఆ తర్వాత 2020 జులై 29న జాతీయ విద్యా విధానం ఆమోదం పొందింది. 2021 జులై 5న చదవడం, లెక్కల పునాది కోసం ‘నిపుణ్ భారత్’ మిషన్, 2022 అక్టోబరులో పునాది దశ చట్రం, 2023 ఆగస్టులో మొత్తం పాఠశాల విద్యకు చట్రం వరసగా వచ్చాయి. ఈ చివరిది పాఠ్యచర్యా లక్ష్యం, దాని కింద సామర్థ్యాలు, వాటి కింద అభ్యసన ఫలితాలు అని మెట్లు కట్టింది. ఒక్క పునాది దశకే 13 లక్ష్యాలు పెట్టింది. విద్య 1976 నుంచి ఉమ్మడి జాబితాలో ఉంది కాబట్టి కేంద్రం చట్రం ఇస్తుంది, సిలబస్, పుస్తకాలు, పరీక్షలు రాష్ట్రం చూసుకుంటుంది. మొత్తంమీద 30 ఏళ్లకు పైగా పట్టికలకు కరువు లేదు.

ఫలితాల సంగతి వేరు. అసర్ సర్వే 2022 ప్రకారం తెలంగాణ గ్రామాల్లో 3వ తరగతి పిల్లల్లో 2వ తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు పది మందికి ఒక్కరు కూడా లేరు. కరోనా మూతల ప్రభావం అందులో ఉంది. అయితే ఆ ఏడాది దేశవ్యాప్తంగా సర్కారు బడుల్లో ఆ సంఖ్య 16.3 శాతం, 2024కు అది 23.4 శాతానికి పెరిగింది. 2024 డిసెంబరు 4న ఎన్సీఈఆర్టీలోని ‘పరఖ్’ సంస్థ 3, 6, 9 తరగతులకు జరిపిన జాతీయ సర్వేలో తెలంగాణ 26వ స్థానంలో నిలిచింది. అంతకుముందు 2021 సర్వేలో చిట్టచివరి స్థానాల్లో ఉన్న రాష్ట్రానికి అది మెరుగే. మెరుగన్న మాట నిజమే అయినా, మధ్యకు చేరడానికి కూడా ఇంకా దూరం ఉంది.

మొదటి సామర్థ్యం చదివి అర్థం చేసుకోవడం. నిపుణ్ భారత్ లెక్క ప్రకారం 3వ తరగతి ముగిసేసరికి, ముందు చూడని పాఠాన్ని నిమిషానికి కనీసం 60 పదాల వేగంతో అర్థం చేసుకుంటూ చదవాలి. 2026–27 కల్లా దేశంలో పిల్లలందరూ ఆ గీత దాటాలన్నది గడువు. ఇక్కడ ‘ఏ భాషలో?’ అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. అచ్చంపేట, లింగాల వైపు తండాల్లో పిల్లలు ఇంట్లో మాట్లాడేది గోర్ బోలి (బంజారా భాష). రాయచూరును ఆనుకున్న గట్టు, కేటీ దొడ్డి మండలాల్లో కన్నడం వినపడుతుంది. నల్లమల పెంటల్లో (గూడేల్లో) చెంచు పిల్లలది తెలుగే అయినా పుస్తకం తెలుగు కాదు. వీళ్లందరి చేతికీ 2022–23 నుంచి ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పేజీ ఇంగ్లిషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న జంట పుస్తకాలు ఇచ్చారు. తల్లిదండ్రులు కోరుకున్నదే అది. ప్రైవేటు బడుల ఫీజులు కట్టలేనివాళ్లకు ఇంగ్లిషు దక్కడం న్యాయమే. కానీ తండాలో పుట్టిన ఆరేళ్ల పిల్లకు ఆ రెండు పేజీలూ పరాయివే.

దీనికి మందు తెలంగాణకు కొత్తేమీ కాదు. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940లో నల్లమల చెంచుల మధ్య తిరిగి వాళ్ల మీద పుస్తకం రాశాడు. ఆ తర్వాత ఆయన చొరవతోనే 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులను టీచర్లుగా తయారుచేసే కేంద్రం వెలిసింది, గోండీలో వాచకాలు వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రం 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది, వాటిలో బంజారా భాష కూడా ఉంది. మొదటి రెండేళ్లు ఇంటి భాష ఆసరాతో తెలుగులోకి, అక్కణ్నుంచి ఇంగ్లిషులోకి నడిపించడం ఆ పద్ధతి సారం. ఇలాంటి ప్రయత్నాలు ఒక అధికారి ఉన్నన్నాళ్లు సాగి, బదిలీతో ఆగిపోవడమే మన అనుభవం. చదివే సామర్థ్యం గురించి పట్టుదల ఉంటే ముందు తండా బడికి ఆ భాష తెలిసిన టీచరును గానీ, విద్యా వలంటీరును గానీ ఇవ్వాలి.

రెండోది లెక్క. 3వ తరగతి కల్లా 9,999 దాకా అంకెలు చదవడం, రాయడం, తేలిక గుణకారాలు చేయడం రావాలని నిపుణ్ చెబుతుంది. అది పునాది మాత్రమే. పై తరగతుల్లో లెక్కను ఊరికి అన్వయించగలగాలి. అందుకు అలంపూర్ ప్రాంతపు పిల్లల ముందు రాజోలిబండ మళ్లింపు పథకం ఉంది. తుంగభద్ర మీద కర్ణాటకలో ఆనకట్ట, అక్కణ్నుంచి నడిగడ్డకు కాలువ. తెలంగాణ వాటా 15.9 టీఎంసీలు, ఆయకట్టు 87,500 ఎకరాలు. టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు, ఎకరమంటే 43,560 చదరపు అడుగులు. వాటా నీళ్లన్నీ వస్తే ఎకరం మీద ఎన్ని అడుగుల లోతు నిలుస్తాయి? లెక్క చేస్తే నాలుగు అడుగుల పైచిలుకు తేలుతుంది. మరి చివరి ఊళ్లకు నీళ్లెందుకు చేరవు? ఇంకిపోయేది ఎంత, ఆవిరయ్యేది ఎంత, పైన వాడుకునేది ఎంత, అసలు కాలువలోకి వచ్చేది ఎంత? ఇక్కడ గణితం, భూగోళం, పౌరశాస్త్రం ఒకే ప్రశ్నలో కలుస్తాయి. ఇలాంటి ప్రశ్న గైడులో దొరకదు, టీచరే తయారుచేసుకోవాలి.

గద్వాలలో లెక్క తప్పితే నష్టం ఎలా ఉంటుందో సీడ్ పత్తి రైతును అడిగితే చెబుతాడు. దేశంలో హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే పెద్ద కేంద్రాల్లో ఈ జిల్లా ఒకటి. కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజరు ఉంటాడు. పెట్టుబడికి అడ్వాన్సు ఇస్తాడు, దాని మీద వడ్డీ నడుస్తుంది. విత్తనం అప్పగించాక జన్యు స్వచ్ఛత తేల్చే జీవోటీ పరీక్ష ఉంటుంది. అందులో ఫెయిలైతే ధర పడిపోతుంది. ఒప్పంద పత్రంలో ఏముందో చదవగలగడం, వడ్డీని తానే లెక్క కట్టుకోగలగడం, ‘శాంపిల్ ఎవరు తీశారు? ఫలితం కాగితం చూపండి’ అని అడగగలగడం పాఠ్యచర్య భాషలో అవగాహన, సమస్యా సాధన, ప్రశ్నించడం. ఊరి భాషలో అదే మోసపోకుండా బతకడం.

ప్రశ్నించడమన్నది మూడో సామర్థ్యం. దానికి ఉదాహరణ కోసం ఈ జిల్లా పిల్లలు దూరం వెళ్లక్కర్లేదు. గద్వాల జిల్లా ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో ‘గోలకొండ పత్రిక’ పెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకటి వినవచ్చినప్పుడు ఆయన వాదులాటతో సరిపెట్టుకోలేదు. ఊరూరి నుంచీ కవుల వివరాలు, పద్యాలు తెప్పించి 354 మందితో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు. ఒక మాట విన్నప్పుడు అది నిజమా అని అడగడం, ఆధారాలు పోగుచేయడం, వాటిని వరసలో పెట్టి నలుగురి ముందు ఉంచడం. విద్యా ప్రమాణాల్లో ‘సమాచార నైపుణ్యాలు, ప్రాజెక్టులు’ అని రాసి ఉన్నది సరిగ్గా ఇదే. ఇవాళ చాలా బడుల్లో ప్రాజెక్టంటే స్టేషనరీ దుకాణంలో కొన్న బొమ్మల చార్టు, ఇంటర్నెట్ సెంటర్లో తీయించిన ప్రింటు. ఆ పనే వనపర్తి సంస్థానం చరిత్ర మీద గానీ, శ్రీశైలం వెనక నీళ్లలో మునిగిన కొల్లాపూర్ వైపు ఊళ్ల మీద గానీ పెద్దవాళ్లను అడిగి రాయిస్తే ఖర్చూ తక్కువే, పిల్లలు నేర్చేదీ ఎక్కువే.

నాలుగోది చేతిపని. 2023 చట్రం వృత్తి విద్యను మూడు పాయలుగా విడదీసింది. మొక్కలూ పశువులతో పని, యంత్రాలూ సామగ్రితో పని, మనుషులకు సేవ చేసే పని. 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా ఊళ్లోని పనివాళ్ల దగ్గర నేర్చుకోమని 2020 విధానం సూచించింది. గద్వాల, రాజోలి, అయిజ మగ్గాలకు ఇది అతికినట్టు సరిపోతుంది. నూలు ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు ఉన్న గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రెండు రకాల పోగులను కలిపే చోట నేతగాడి లెక్క తప్పితే అంచు ముడతపడుతుంది. గళ్ల కాగితం మీద డిజైను గీసి పోగులుగా మార్చడంలో నిష్పత్తి, సౌష్ఠవం, నిరూపక జ్యామితి అన్నీ ఉన్నాయి.

అయితే ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఉంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ తెచ్చిన సవరించిన ప్రాథమిక విద్యా పథకం పిల్లలను సగం పూట బడికి, సగం పూట తల్లిదండ్రుల వృత్తికి పంపమంది. అది కులవృత్తి చదువని జనం తిరగబడ్డారు, 1954లో పథకం రద్దయింది. నేతగాడి కొడుకును మగ్గం దగ్గరికి, రైతు బిడ్డను చేనుకి పంపి దాన్ని వృత్తి విద్య అంటే ఆ తప్పే మళ్లీ జరుగుతుంది. మగ్గం లెక్క అందరి పిల్లలూ నేర్వాలి, నేతగాడి బిడ్డకు ప్రయోగశాల తలుపు తెరుచుకోవాలి. వనపర్తి రాజభవనం 1959లో పాలిటెక్నిక్‌గా మారడం ఇందుకు మంచి ముందడుగు. సంస్థానాధీశుల ఇంట్లో రైతుల పిల్లలు డిప్లొమాలు చదివారు. అదే కుటుంబానికి చెందిన శాంతా రామేశ్వరరావు 1961లో హైదరాబాద్‌లో విద్యారణ్య పాఠశాల పెట్టి, ర్యాంకుల పోటీ లేని చదువు సాధ్యమని చూపారు. సామర్థ్యాల చదువు మాట ఆ ఇంటి నుంచి నగరానికి వెళ్లింది, వనపర్తి మండలాల బడులకు మాత్రం ఇంకా పూర్తిగా చేరలేదు.

ఇన్ని సామర్థ్యాలు నేర్వాలంటే ముందు పిల్లలు బడిలో ఉండాలి. నడిగడ్డలో అసలు చిక్కు అక్కడే. సీడ్ పత్తిలో వానాకాలం నడిమి నుంచి క్రాసింగ్ పని మొదలవుతుంది. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గల నుంచి పుప్పొడి భాగాన్ని చేత్తో తీసేస్తారు, మర్నాడు పొద్దున మగ పువ్వును తెచ్చి అద్దుతారు. ఈ పని నెలల తరబడి రోజూ సాగాలి, అదీ బడి గంట కొట్టే వేళకే. చిన్న చేతులు, తక్కువ కూలి అని ఒకప్పుడు వేలమంది ఆడపిల్లలను ఈ చేలల్లో దింపారు. దావులూరి వెంకటేశ్వర్లు వంటి పరిశోధకులు 1990ల చివరి నుంచి దీన్ని బయటపెట్టారు. శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ ‘బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే’ అన్న పట్టుతో బ్రిడ్జి కోర్సులు నడిపింది. ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. కంపెనీల మీద ఒత్తిడి పెరిగింది, పెద్ద చేలల్లో పిల్లల సంఖ్య తగ్గింది. కానీ సొంత చేలో ‘ఇంటి పని’కి దిగే పిల్లలు మిగిలారు. 2016 నాటి బాలకార్మిక చట్ట సవరణ, బడి వేళల తర్వాత కుటుంబానికి సాయపడటాన్ని అనుమతించింది. పొద్దున పువ్వు అద్దే పనికి ఆ మినహాయింపు వర్తించదు. హాజరు పట్టీలో పేరుంటుంది, పిల్ల చేలో ఉంటుంది.

వలసది మరో లెక్క. పాలమూరు (పాత మహబూబ్‌నగర్) లేబర్ అన్న పేరు దేశంలోని ప్రాజెక్టులకూ, నగరాల కట్టడాలకూ తెలుసు. మేస్త్రీ అడ్వాన్సు ఇవ్వగానే కుటుంబం కదులుతుంది, చిన్న పిల్లలూ వెంట వెళతారు. తల్లిదండ్రులు తిరిగొచ్చేదాకా పిల్లలను ఊళ్లోనే ఉంచే సీజనల్ హాస్టళ్లు ఈ జిల్లాల్లో నడిచాయి. కొన్ని చోట్ల నిధులు ఆలస్యమైతే హాస్టలు తెరిచేసరికే వలస బస్సు వెళ్లిపోయి ఉంటుంది. నెలల చదువు పోయిన పిల్లను 5వ తరగతి బెంచీ మీద కూర్చోబెట్టి 5వ తరగతి సామర్థ్యం అడగడం న్యాయం కాదు. ఆమె ఏ మెట్టు మీద ఉందో చూసి అక్కణ్నుంచి చెప్పాలి. తొలిమెట్టు ఆలోచన మూలంలో అదే. 6 నుంచి 9 తరగతులకు తర్వాత వచ్చిన ‘ఉన్నతి’దీ అదే దారి.

అమలులో ఎక్కడ తడబాటు వస్తోంది? ఒకటి, ఏకోపాధ్యాయ బడి. ఐదు తరగతులు, ఒక్క టీచరు. పిల్లల స్థాయిలను విడదీసి చెప్పాలంటే ఇద్దరైనా కావాలి. రెండు, కాగితం. బేస్‌లైన్ మార్కులు, యాప్‌లో హాజరు, వారపు నివేదికలు టీచరు సమయాన్ని తినేస్తాయి. మూడు, పరీక్ష. పదో తరగతిలో 80 మార్కులు రాత పరీక్షకు, 20 అంతర్గత మూల్యాంకనానికి. ప్రాజెక్టులు, పుస్తక సమీక్షలు, లఘు పరీక్షలు ఆ 20లోకి రావాలి. చాలా చోట్ల అందరికీ 18, 19, 20 పడిపోతుంటాయన్న విమర్శతో 2024 నవంబరులో ప్రభుత్వం వాటిని ఎత్తేస్తామని ప్రకటించి, వెంటనే వాయిదా వేసింది. ఆ మార్కుల్లో పిల్లలు చేసిన పని కనిపించకపోవడమే జబ్బు, దానికి మార్కులు ఎత్తేస్తే మిగిలేది గైడూ, బట్టీ.

పట్టిక కన్నా దాన్ని నేర్పే టీచరూ, వసతులే ముఖ్యమని బయటి దేశాల అనుభవం కూడా చెబుతుంది. న్యూజిలాండ్ 2007 పాఠ్యచర్యలో ఐదు కీలక సామర్థ్యాలతో సరిపెట్టుకుంది. ఫిన్లాండ్ 2016లో అమలుకు తెచ్చిన పాఠ్యచర్యలో అన్ని సబ్జెక్టులకూ ఉమ్మడిగా ఉండే ఏడు సామర్థ్యాలు పెట్టి, వాటిని ఎలా నేర్పాలన్నది మున్సిపాలిటీలకూ బడులకూ వదిలింది. అక్కడ టీచరు కావాలంటే మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. కెన్యా 2019 నుంచి సామర్థ్యాల ఆధారిత పాఠ్యచర్యను దేశమంతా తెచ్చింది. టీచర్లు, గదులు చాలక, ఇంటి నుంచి సామగ్రి తెమ్మనే ఖర్చు తల్లిదండ్రుల మీద పడి అక్కడ పెద్ద గొడవే నడిచింది. మన మూడు జిల్లాల పరిస్థితి ఫిన్లాండ్ కన్నా కెన్యాకే దగ్గర.

ఈ లెక్కన నడిగడ్డకు, వనపర్తికి, నల్లమలకు కావలసింది పొడవాటి పట్టిక కాదు. ముందు చదివి అర్థం చేసుకోవడం, లెక్కను బతుకుకు అన్వయించడం, ఆధారం అడగడం, చేత్తో పని చేయడం, వీటికి తోడు నలుగురిలో మాట్లాడగలగడం. ఈ ఐదూ గట్టిపడితే మిగతావి వాటి మీద నిలుస్తాయి. వీటి కోసం ప్రభుత్వం మూడు పనులు చేయాలి: ఏ బడికీ ఇద్దరు టీచర్లకు తగ్గకుండా చూడటం, క్రాసింగ్ సీజన్లో, వలస సీజన్లో హాస్టళ్లను ముందే తెరవడం, పదో తరగతి ప్రశ్నపత్రంలో గైడులో దొరకని ప్రశ్నలకు ఏటా కొంత వాటా పెంచడం. బడుల నిర్వహణ చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో ఉన్న తల్లులు చేయగలిగిన పని కూడా ఒకటుంది. వచ్చే సమావేశంలో గోడల రంగుతో పాటు, 3వ తరగతి పిల్లల చేత ముందెప్పుడూ చూడని ఒక పేరా చదివించి, కథేమిటో చెప్పమనండి. ఎంతమంది చెప్పగలిగారో ఆ సంఖ్యను మినిట్స్ పుస్తకంలో రాయించండి.